మీకు యాక్సిడెంట్ అయిందంట కదా సార్?



ఎప్పటిలాగే ముందే చెప్పేస్తా. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, కాడుగోడి వచ్చినాక కన్నడం. తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకొన్నదే. తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఈసారి కొంచెం పొడుగు కూడా. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. "రోడ్డు ప్రమాదమా? రైలు ప్రమాదమా? ముందు ఫీజు వద్దు, డబ్బు వచ్చాకే. గుద్దిన బండి నంబరు లేకపోయినా పర్వాలేదు." కింద ఒక ఫోన్ నంబరు. పంపిన తమ్ముడు మంచి మనసుతోనే పంపాడు, ఎవరికైనా అక్కరకొస్తుందని. పదకొండు మంది బొటనవేలు పైకెత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పడానికే ఇదంతా.

"బండి నంబరు లేకపోయినా పర్వాలేదు" అనే ఆ ఒక్క మాట మళ్లీ చదవండి. నంబరు లేకపోతే వాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. నాకే చెప్పారు కాబట్టి తెలుసు.

పోయిన వానాకాలంలో హోప్ ఫారం దాటి చన్నసంద్ర వైపు వస్తా ఉంటే స్కూటరు జారి పడ్డా. రోడ్డు మీద ఇసక, సన్నగా తుంపర, నా కళ్లద్దాల మీద నీళ్లు. ఎవరూ గుద్దలేదు. నా బండి, నా పొరపాటు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. రైల్వే ఆసుపత్రికి పోయుంటే ఖర్చు తప్పేది, కానీ ఆ వానలో, ఆ ట్రాఫిక్కులో, చెయ్యి పట్టుకొని అంత దూరం ఎవరు పోతారు? దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయినా. కట్టూ, స్కానూ, మందులూ అన్నీ కలిపి 41 వేలు అయింది. పింఛను మనిషికి అది చిన్న దెబ్బ కాదు. చేతికి తగిలిందానికన్నా అదే ఎక్కువ నొప్పి.

మూడో రోజు ఫోను. మొదట కన్నడంలో మొదలుపెట్టి, నా మాట విని వెంటనే తెలుగులోకి దిగాడు.

"మీకు యాక్సిడెంట్ అయిందంట కదా సార్? కుడి చెయ్యి ఫ్రాక్చర్."

నాకు ఒళ్లు జలదరించింది. ఏ చెయ్యో మా తమ్ముడికి కూడా చెప్పలేదు నేను. ఆ ఎక్స్‌రే చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? నా పేరు, ఫోను నంబరు, ఏ ఎముకో కూడా కట్టగట్టి ఎవరో ఎవరికో ఇచ్చారు. ఊరికే ఇచ్చి ఉండరు.

"ఏ బండి గుద్దింది సార్?"

"ఏ బండీ గుద్దలేదప్పా. నేనే జారి పడ్డా."

"పర్వాలేదు సార్. బండి మేం పెడతాం."

నేను మొదట అర్థం చేసుకోలేదు. అతనే ఓపిగ్గా చెప్పాడు. ఇన్సూరెన్సు ఉన్న బండి ఒకటి వాళ్ల దగ్గర ఉంటుందంట. ఆ డ్రైవరు "నేనే గుద్దినా" అని ఒప్పుకొంటాడంట. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, సాక్షి అన్నీ వాళ్లే చూసుకొంటారంట. నేను చెయ్యాల్సింది నాలుగు సంతకాలు, ఒకరోజు కోర్టులో నిలబడి "అవును" అనడం. మూడు లక్షల దాకా వస్తుంది, సగం మీకు సగం మాకు అన్నాడు. చివర్లో అందరూ చెప్పే మాటే చెప్పాడు: "పోయేది కంపెనీ డబ్బే కదా సార్. మీ జేబులోది కాదు, నా జేబులోది కాదు. మన తెలుగువాళ్లని చెప్తా ఉండా."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నేను వెంటనే ఫోను పెట్టేయలేదు. "ఆలోచించి చెప్తానప్పా" అన్నా. 41 వేల బిల్లు టేబులు మీదే ఉంది. ముప్పై ఏళ్ల పైన లెక్కలు సరిగ్గా రాసిన మనిషిని, ఒక సాయంత్రం అంతా లక్షన్నర గురించి ఆలోచించినా.

రాత్రి మా ఇంటావిడతో చెప్పినా. ఆమె కోప్పడలేదు. ఒకే మాట అడిగింది: "గుద్దినోడని ఎవరి పేరు రాస్తారంట?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఎవడో ఒకడి మీద పోలీసు కేసు ఉండాలి కదా. వాడు డబ్బు తీసుకొని ఒప్పుకొన్నా, నేను కోర్టులో చెయ్యి చూపించి "వీడే నన్ను గుద్దినాడు" అనాలి. తెల్లారి వద్దని చెప్పేసినా.

వద్దన్నాక ఫోన్లు ఎక్కువయ్యాయి. పది రోజుల్లో పద్నాలుగు సార్లు, ప్రతిసారీ కొత్త నంబరు. ఒకావిడ "గడువు అయిపోతుంది సార్" అని తొందరపెట్టింది. ఇంకొకడు "మీ పేరు ఫైల్లో ఎక్కింది, ఇప్పుడు వద్దంటే మీకే కష్టం" అని బెదిరించాడు. ఏ ఫైలూ లేదు. నేను ఒక్క సంతకం పెట్టలేదు. బెదిరింపు కూడా వాళ్ల వ్యాపారంలో ఒక భాగమే.

ఇప్పుడు "నీ దగ్గర డబ్బు ఉంది కాబట్టి వద్దన్నావు, లేనోడు ఏం చేస్తాడు" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నా ఉద్యోగంలోంచి చెప్తా.

నేను టికెట్ల కౌంటరు వెనక చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. రైలు ప్రమాదాల పరిహారానికి 1987లో రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ చట్టం చేశారు. 1989 నుంచి ఆ ట్రైబ్యునల్ నడుస్తోంది, బెంగళూరులో కూడా ఒక బెంచి ఉంది. నడిచే రైల్లోంచి ప్రయాణికుడు పొరపాటున జారి పడి చనిపోతే, రైల్వే తప్పు లేకపోయినా ఇంటివాళ్లకు పరిహారం ఇవ్వాలి. మొదట 4 లక్షలు ఉండేది, 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు చేశారు. ఆత్మహత్యకు, తాగిన మైకంలో జరిగినదానికి రాదు. టికెట్టు లేకుండా పట్టాలు దాటుతా రైలు కింద పడినవాళ్లకు కూడా ఈ చట్టం కింద రాదు.

ఏజెంటు పని ఇక్కడే మొదలవుతుంది. పట్టాలు దాటుతా పోయిన మనిషిని రైల్లోంచి పడినట్టు రాయించాలి. దానికి ఒక టికెట్టు కావాలి.

ట్రైబ్యునల్లో కేసు పడితే "ఈ నంబరు టికెట్టు మీ స్టేషన్లో ఆరోజు ఇచ్చారా" అని కౌంటరుకు కాగితం వస్తుంది. రికార్డు తీసి జవాబు రాయడం మాలాంటి గుమాస్తాల పని. ఒకసారి అట్లా వచ్చిన నంబరు తీసి చూస్తే టికెట్టు నిజమైనదే, ఆరోజుదే. కానీ అది కౌంటర్లో అచ్చయిన టైము, శవం దొరికిన టైముకు నలభై నిమిషాల తర్వాత! చనిపోయిన మనిషి లేచి వచ్చి లైన్లో నిలబడి టికెట్టు కొన్నాడన్నమాట. ఉన్నది ఉన్నట్టు రాసి పంపినా.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఇంకొక కేసు. ఇది నిజమైన కేసు. కూలి పనికి పోయే మనిషి, తలుపు దగ్గర నిలబడి జారి పడినాడు. వానకు తడిసిన టికెట్టు చొక్కా జేబులో ఉండిందని భార్య చెప్పింది. పంచనామా రాసిన మనిషి మాత్రం దాన్ని రాయలేదు. టికెట్టు తర్వాత ఆమె చేతికి వచ్చింది. నేను "మా కౌంటర్లో ఇచ్చిందే" అని రాసిచ్చినా. ఎవరికి ఇచ్చినామో రాయలేం కదా, అందులో పేరుండదు. "ఇది కూడా తర్వాత తెచ్చి పెట్టిన టికెట్టేమో" అన్నారు అవతలివైపు వాళ్లు. అట్లా అనడానికి వాళ్లకు కారణం ఉంది, పోయినసారి ఒకడు పెట్టినాడు కాబట్టి. ఆమెకు డబ్బు రావడానికి మూడేళ్ల పైనే పట్టింది. పిల్లోడి చదువు ఆ మూడేళ్లలోనే ఆగిపోయింది.

నాన్నా పులి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ కథలో అబద్ధం ఆడినవాడినే పులి తింటుంది. ఇక్కడ ఒకడు అబద్ధం ఆడతాడు, పులి ఇంకొకరిని తింటుంది.

2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. శవం దగ్గర టికెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదు, ఇంటివాళ్లు ప్రమాణపత్రం మీద వివరాలు ఇస్తే, కాదని చూపించే బాధ్యత రైల్వే మీద పడుతుంది అని. పేదవాళ్ల కోసం తెరిచిన తలుపు అది. దొంగ కేసులు ఆ తలుపు గుండానే దూరతాయి. దూరేకొద్దీ తలుపు దగ్గర కాపలా పెరుగుతుంది. ఏజెంటుకు ఏమీ కాదు, ఇంకొక కేసు చూసుకొంటాడు. ఆ కాపలా దగ్గర నిలబడి ఏడ్చేది నిజమైన దెబ్బ తగిలినవాళ్లు. అందుకే "కంపెనీ డబ్బే కదా" అనే మాట నేను ఒప్పుకోను.

ఇదేదో చిల్లర వ్యవహారం అనుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లో దొంగ మోటారు ప్రమాద క్లెయిములు ఎంత పెరిగాయంటే, 2015 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. 1,376 అనుమానపు కేసులు ఆ బృందం దగ్గరికి వచ్చాయి. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 నవంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 28 మంది లాయర్లను సస్పెండ్ చేసింది. ఇక మా రైల్వే వైపు చూస్తే, పాట్నా క్లెయిమ్స్ ట్రైబ్యునల్ వ్యవహారంలో సీబీఐ కేసు పెట్టింది, 2025 జనవరిలో ఈడీ సోదాలు చేసి లాయర్లను అరెస్టు చేసింది. ఆరోపణ ఏమిటంటే, చనిపోయినవాళ్ల కుటుంబాల పేరుమీద బ్యాంకు ఖాతాలు తెరిపించి, ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకొని, వచ్చిన పరిహారంలో పెద్ద భాగం వాళ్లే తీసుకొన్నారని. తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ పద్ధతి చూడండి: ఖాళీ కాగితం మీద సంతకం. మనకు ఫోను చేసేవాడు అడిగేదీ అదే.

ఇంగ్లండులో కూడా ఇదే జబ్బు ఉండేది. "ఈమధ్య మీకు ప్రమాదం జరిగిందా" అని ఇంటింటికీ ఫోన్లు. వాళ్లు ఏం చేశారంటే, దెబ్బ తగిలినవాళ్ల కేసులు తెచ్చిచ్చినందుకు లాయర్లు కమిషన్ ఇవ్వడాన్ని 2013 ఏప్రిల్లో నిషేధించారు. మనిషి ముందుగా ఒప్పుకోకుండా క్లెయిముల కోసం ఫోను చెయ్యడాన్ని 2018 సెప్టెంబరులో ఆపించారు. వేరు ఎక్కడుందో వాళ్లు పట్టుకొన్నారు. నా ఎక్స్‌రే సమాచారానికి ధర ఉన్నంతకాలం దాన్ని అమ్మేవాడు ఉంటాడు.

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయరు తనంతట తాను కేసులు అడుక్కోకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, దళారిని పెట్టకూడదు. గెలిస్తే వచ్చేదాంట్లో వాటా అని బేరం ఆడకూడదు. అంటే "సగం మీకు సగం మాకు" అన్నప్పుడే అది తప్పుడు బేరం. కోర్టుల దగ్గర దళారుల పేర్ల జాబితా తయారుచేసి, మూడు నెలల దాకా జైలు వేసే సెక్షన్ను 2023లో అడ్వొకేట్స్ చట్టంలోకి తెచ్చారు. జరిమానా మాత్రం 500 రూపాయలే. లక్షల బేరానికి 500 జరిమానా! నవ్వాలో ఏడ్వాలో మీరే చెప్పండి. కానీ తెలిసి తెలిసి కోర్టులో అబద్ధపు క్లెయిము వేసినవాడికి భారతీయ న్యాయ సంహితలో రెండేళ్ల దాకా జైలు ఉంది. క్లెయిము వేసినవాడంటే ఏజెంటు కాదు, సంతకం పెట్టిన మీరు. అతని పేరు ఏ కాగితం మీదా ఉండదు.

ఇంకొక సంగతి చెప్తే నా బాధ మీకు అర్థమవుతుంది. బెళతూరు వైపు మనకు తెలిసిన ఒక ఇల్లు ఉంది. పేరు వద్దు. ఆయన మేస్త్రీ పని. నీళ్ల ట్యాంకరు గుద్దింది, నిజంగానే గుద్దింది. కాలు పోయినంత పనయింది. వాళ్లకు న్యాయంగా డబ్బు రావాల్సిందే. ఆసుపత్రి వరండాలోనే ఏజెంటు పట్టుకొన్నాడు. ఆమె చేత పది ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు తీసుకొన్నాడు. ఉన్న నిజం చాలదన్నట్టు, ఆ చోట లేని మనిషిని సాక్షిగా పెట్టి, కూలి రెండింతలు చేసి రాయించాడు. ఇన్సూరెన్సు వాళ్ల లాయరు ఆ సాక్షిని నాలుగు ప్రశ్నలు అడిగేసరికి అతను ఆరోజు వేరే ఊళ్లో ఉన్నట్టు బయటపడింది. ఇప్పుడు నిజమైన ప్రమాదం కూడా అనుమానంలో పడింది. కేసు ఇంకా నడుస్తా ఉంది. ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. ఆమె మొన్న గుడి దగ్గర కనిపించి "అన్నా, మేం అబద్ధం ఆడలేదన్నా, కాగితం మీద ఏముందో మాకు తెలీదన్నా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆవిడ మొదట మన సంఘం తలుపు తట్టి ఉంటే ఇట్లా అయ్యేది కాదు. ఎందుకు తట్టలేదు? మనం ఉగాదికి, దసరాకి కనిపిస్తాం. ఆసుపత్రి వరండాలో ఏజెంటు కనిపిస్తాడు. ఈ తప్పులో మన పాలు కూడా ఉంది.

నిజంగా దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో నాకు తెలిసినంత రాస్తా. దాచుకోండి.

ఒకటి. వేరే బండి గుద్దితే వెంటనే పోలీసు ఫిర్యాదు. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద రిపోర్టును క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కి పంపాలి. బెంగళూరులో స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలే ఆ ట్రైబ్యునల్‌గా కూర్చుంటారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపల క్లెయిము వెయ్యాలని చట్టంలో ఉంది. ఆలస్యం చెయ్యొద్దు.

రెండు. గుద్ది పారిపోయాడా, బండి ఏదో తెలియదా? అప్పుడు కూడా దొంగ బండి అక్కర్లేదు. హిట్ అండ్ రన్ పథకం ఉంది. చనిపోతే 2 లక్షలు, తీవ్రమైన గాయానికి 50 వేలు. తక్కువే, కానీ నిజాయితీగా వచ్చే డబ్బు.

మూడు. నాలాగా సొంత బండి మీద పడ్డవాళ్లు తమ పాలసీ తీసి చూసుకోండి. బండి యజమానికి 15 లక్షల ప్రమాద కవరు ఉంటుంది. మరణానికి, శాశ్వత వైకల్యానికి వర్తిస్తుంది. నా మణికట్టుకు రాదు. రాదంటే రాదు, అంతే.

నాలుగు. రైలు ప్రమాదమైతే ఒక ఏడాదిలోపల ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వెయ్యాలి. టికెట్టు దొరికితే పంచనామాలో దాని నంబరు రాయించండి. ఆ ఒక్క లైను మూడేళ్లు మిగులుస్తుంది. గుమాస్తాగా చెప్తా ఉండా.

అయిదు. లాయరుకు డబ్బు లేకపోతే 15100కి ఫోను చెయ్యండి. అది లీగల్ సర్వీసెస్ అథారిటీ నంబరు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకు కూడా అంతే.

ఆరు. ఇట్లాంటి ఫోను వస్తే 1909కి ఫిర్యాదు చెయ్యండి. వారంలోపల చెయ్యొచ్చు. ట్రాయ్ నిబంధనల ప్రకారం మామూలు పది అంకెల నంబరు నుంచి వ్యాపారం ఫోను చెయ్యకూడదు. అయిదు ఫిర్యాదులు పడితే ఆ నంబరు మీద చర్య తీసుకోవాలి. అందరం చేస్తే అయిదు ఎంతసేపు?

ఏడు. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. దేవుడొచ్చి అడిగినా పెట్టొద్దు.

చివరిగా సంఘం కమిటీని రెండు అడుగుతా ఉండా. ఒకటి, ఆ మెసేజీని గ్రూపులోంచి తీసెయ్యండి. పంపిన తమ్ముడు దీన్ని నింద అనుకోవద్దు, అతని మనసు నాకు తెలుసు. నేను కూడా ఒక రాత్రంతా ఆలోచించినవాణ్ణే. రెండు, నెలకు ఒక ఆదివారం రెండు గంటలు మనం కూర్చుందాం. దెబ్బ తగిలినవాళ్ల కాగితాలు చదివి, ఏముందో వాళ్ల భాషలో చెప్పి, సరైన చోటుకు పంపిద్దాం. మన సంఘంలో రిటైరైన బ్యాంకువాళ్లు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, ఒకరిద్దరు లాయర్లు ఉన్నారు. కన్నడం, ఇంగ్లీషు కాగితాలు చదివేవాళ్లు చాలామంది. తమిళం కాగితాలు వస్తే నాకివ్వండి.

మొదటి ఆదివారం ఆ బెళతూరు కాగితాలతోనే మొదలుపెడదాం అని నా కోరిక. అందులో ఏం రాసుందో ముందు ఆమెకు చదివి వినిపించాలి. నేను వస్తా. ఇంకెవరు వస్తారో కింద చెప్పండి. బొటనవేలు వద్దు, పేరు రాయండి.